రెండు కిటికీల లెక్క

మా సెంటరు మూసేసిన రోజున అక్కడ పనిచేసిన వాళ్ళందరికీ శాలువాలు కప్పారు. నా వంతు వచ్చేసరికి శాలువాలు అయిపోయాయట, తువ్వాలు కప్పారు. ఆ తువ్వాలును నేను ఈనాటి వరకూ ఒంటికి తగలనివ్వలేదు. నేను ఏదీ మరిచిపోయే మనిషిని కాను. "మంచి మరిచిపోతారు, చెడ్డ మాత్రం మరిచిపోరు" అని మా ఆవిడ అంటుంది. అది సగం అన్యాయం. మంచిని కూడా మరిచిపోను, కాకపోతే గుర్తుపెట్టుకోవడానికి అది తక్కువగా జరిగింది.

ఇప్పటి పిల్లలు కూర్చున్న చోటనే ఫోనులో పందెం కాస్తున్నారని వింటున్నాను. వాళ్ళకు పనికొస్తుందేమోనని ఈ ఒక్క సంగతి రాస్తున్నాను. వినకపోతే వాళ్ళ ఇష్టం. మా బావ కూడా మొదట వినలేదు.

నేను పనిచేసింది గుర్రప్పందేల సెంటరులో. తొంభైలలో చిత్తూరు బస్టాండుకు దగ్గరగా, ఒక లాడ్జి మేడ మీద ఉండేది. బెంగుళూరులోనో మద్రాసులోనో గుర్రాలు పరిగెత్తేవి, మా దగ్గర జనం టికెట్లు కొనేవాళ్ళు. గోడకు తగిలించిన స్పీకరులో పందెం నడక వినిపించేది. తిరుపతిలో అలాంటిది పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అక్కడివాళ్ళు ఇంట్లో కాణిపాకం పోయొస్తామని చెప్పి మా మేడ ఎక్కేవాళ్ళు. వాళ్ళలో కొందరు నిజంగానే వినాయకుడి దర్శనం కూడా చేసుకునేవాళ్ళు. ఇంటికి ప్రసాదం తీసుకుపోవాలి కదా.

సెంటరులో రెండు కిటికీలు. ఒకదాంట్లో టికెట్లు అమ్మేది నేను. పక్కనే చెక్క అడ్డం, దాని అవతలి కిటికీలో గెలిచినవాళ్ళకు డబ్బు ఇచ్చే గుమస్తా. గెలిచిన టికెట్టు ఆయన కిటికీలోకి పోతుంది. ఓడిన టికెట్టు నేల మీద పడుతుంది. ఈ చిన్న విషయం పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. నేను గుర్తుపెట్టుకోకపోవడం వల్లనే నవ్వులపాలయ్యాను.

ఆ గుమస్తాకూ నాకూ అప్పటికి రెండేళ్ళుగా మాటల్లేవు. ఒకసారి నా కిటికీలో లెక్క కొంచెం తేడా వస్తే, మేనేజరు ముందర "ఈయన లెక్క ఈయనకే అర్థం కాదు సార్" అన్నాడు. తేడా మర్నాడు దొరికింది, నా తప్పు కాదని తేలింది. ఆ మాట మాత్రం ఆయన వెనక్కు తీసుకోలేదు. అందుకని చిల్లర కావలసి వచ్చినా సరే నేను మేనేజరును పిలిచి, ఆయన ద్వారా ఆ చెక్క అవతలికి అడిగించేవాణ్ణి. మేనేజరు దండం పెట్టి వేడుకున్నాడు. నేను మారలేదు.

ఇక మా బావ. మా అక్క మొగుడు. చిత్తూరుకు దగ్గరలోనే పల్లె, చెరుకు పండించి, సొంత గానుగలో బెల్లం వండేవాడు. ఆయన చేతి బెల్లానికి మండీలో పేరుండేది. మనిషి చెడ్డవాడు కాదు, తాగడు, ఇంకో వ్యసనం లేదు. పందెం రోజున మాత్రం పాకం పొయ్యి మీద ఉన్నా సరే ఎవరికో అప్పజెప్పి బస్సెక్కేవాడు. గెలిచిన రోజు అక్కకు మల్లెపూలు, పిల్లలకు మైసూరు పాకు. ఓడిన రోజు మామూలుగా వచ్చి భోంచేసి పడుకునేవాడు. అందుకని ఇంట్లోవాళ్ళకు గెలిచిన రోజులే తెలుసు. ఆశ్చర్యం ఏమిటంటే ఆయనకు కూడా అవే తెలుసు. ఏ పండగ నాడు ఏ గుర్రం మీద ఎలా గెలిచాడో, మలుపు దగ్గర ఆ గుర్రం ఎలా ముందుకు దూకిందో పురాణం చెప్పినట్టు చెప్పేవాడు. ఓడినవి అడిగితే "అవన్నీ ఉంటాయిలేరా" అనేవాడు.

మంచి కోరి ఒకసారి అన్నాను, "బావా, ఆడింది ఆడినట్టు రాసిపెట్టుకో" అని. ఆయన దానికి అప్పుడు జవాబివ్వలేదు. మా పెదనాయన కొడుకు పెళ్ళిలో, బంతి భోజనాల దగ్గర, అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నప్పుడు ఇచ్చాడు.

"మా బామ్మర్ది నన్ను లెక్క రాసుకోమంటాడప్పా! ఆడేవోడు ఆడతాడు, గుమస్తా రాస్తాడు. వీడు జన్మంతా ఇంగొకరి పందేలు రాసి బతికినోడు. వీనికి గుర్రమంటే ఉత్త నంబరే!"

బంతి బంతంతా నవ్వింది. పప్పు వడ్డిస్తున్నవాడు కూడా గరిటె ఆపి నవ్వి, నా విస్తరి దాటి వెళ్ళిపోయాడు. నాకు ఆ పూట పప్పు పడలేదు.

ఆ తరువాతి పందెం రోజు నుంచి నేను పని మొదలుపెట్టాను. బావకు ఒక అలవాటు ఉండేది. ఓడిన టికెట్టును సన్నగా, నిలువుగా మడిచి, స్తంభం పక్కన వదిలేసేవాడు. సెంటరు కట్టేశాక ఆ మడత టికెట్లన్నీ ఏరి సంచిలో వేసుకున్నాను. ఊడ్చే ఆమె చీపురు పట్టుకుని నిలబడి, "ఏంది సామీ, నా పని నువ్వు చేస్తాండావు, నీ కుర్చీలో నన్ను కూసోమంటావా?" అంది. సీజనంతా ఏరాను.

ఇంతలో అసలు ప్రమాదం వచ్చింది. బెంగుళూరువాళ్ళు కొందరు కలిసి ఒక గుర్రం కొంటున్నారని, అందులో వాటా ఇస్తామన్నారని బావ చెప్పాడు. దానికోసం బావి కింది చెరుకు కయ్య అమ్మేస్తానన్నాడు. గానుగకు చెరుకు వచ్చేదే ఆ కయ్యలో నుంచి. అది మా నాయన అక్కకు పసుపు కుంకుమ కింద రాసిచ్చింది. కాబట్టి అక్క సంతకం కావాలి. బేరం కుదిరింది, బ్రోకరు ఒక మంచి రోజు చూశాడు. అక్క నాకు కబురు పంపింది: "నువ్వు ఆడనే పనిచేస్తావు గదా అబ్బోడా, ఆయన లాభంలో ఉండాడా, నష్టంలో ఉండాడా, వచ్చి చెప్పు. దాన్ని బట్టి సంతకం పెడతా."

నేను సంచి భుజాన వేసుకుని పోయాను. నిజం చెప్పాలంటే, ఆ బస్సులో నేను పెళ్ళికి పోతున్నంత సంతోషంగా ఉన్నాను.

వసారాలో బ్రోకరు, బావ చిన్నాయన, బావ కూర్చుని ఉన్నారు. అక్క తలుపు దగ్గర నిలబడింది. నేను సంచి బోర్లించాను. టికెట్లు కుప్పగా పడ్డాయి. కూడి తెచ్చిన మొత్తం చదివాను. బ్రోకరు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

బావ ఒక టికెట్టు తీసి చూశాడు. ఇంకొకటి చూశాడు. నెమ్మదిగా అడిగాడు.

"ఒరే బామ్మర్దీ, నేను గెల్చిన టికెట్లు యాడరా ఇందులో?"

నేను కుప్పలో చెయ్యి పెట్టి వెతికాను.

"గెల్చిన టికెట్టు ఎవుడన్నా నేల మీద పారేస్తాడా? అది ఆ పక్క కిటికీలో ఇచ్చి దుడ్డు తీసుకుంటారు గదా! కసువు ఊడ్సుకొచ్చి లెక్కంటావేందిరా? గుమస్తావంటే నీకు కోపమొచ్చె. ఆ గుమస్తా పని గూడా సరిగ్గా రాదే నీకు!"

చిన్నాయన కడుపు పట్టుకుని నవ్వాడు. బ్రోకరు మళ్ళీ గ్లాసు అందుకున్నాడు. బావ గెలుపులే గుర్తుపెట్టుకున్నాడని నేను ఎగతాళి చేసేవాణ్ణి. నేను ఓటములే ఏరుకొచ్చాను. రెండూ ఒకే రకం లెక్కలు. అది నేను ఒప్పుకుంటాను. చిన్నాయన నవ్విన తీరును మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

చిన్నాయన తీర్పు చెప్పాడు. "దీనికింత రచ్చెందుకు? పోయి కాణిపాకం సామి ముందర ప్రమాణం చెయ్. నేను లాభంలో ఉండానని చెప్పు. ఆ బిడ్డ సంతకం పెడతాది."

మా వైపు వాళ్ళకు ఆ ప్రమాణం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. బాకీలు ఎగ్గొట్టినవాళ్ళు, దొంగతనాలు చేసినవాళ్ళు ఆ గుడి మెట్ల దగ్గరికి వచ్చి, స్నానం చేసి తడిబట్టలతో లోపలికి పోలేక అక్కడే నిజం ఒప్పేసుకుంటారు. తప్పుడు ప్రమాణం చేసే మొనగాడు జిల్లాలో లేడు. బావ జంకుతాడనుకున్నాను. ఆయన చటుక్కున లేచి తువ్వాలు దులిపాడు.

"ఇప్పుడే పోదాం పదండి. నాకేం భయం?"

అప్పుడు నాకు భయం వేసింది. ఆయన అబద్ధం ఆడబోవడం లేదు. లాభంలో ఉన్నానని ఆయన నిజంగానే నమ్ముతున్నాడు.

తలుపు దగ్గర నుంచి అక్క అంది, "ప్రమాణం వద్దు."

"ఏమ్మా, మొగుణ్ణి నమ్మవా?" అన్నాడు చిన్నాయన.

"నమ్ముతా గాబట్టే వద్దంటాండా చినమామా. ఆయన అబద్ధం చెప్పడు. ఆయనకు గుర్తుండేదే చెప్తాడు. గుర్తులేని దానికి సామిని సాక్షి పిలిస్తే సామి మాత్రం ఏం చేస్తాడు?" తరువాత బావ వైపు తిరిగింది. "పాకం చెడిందనుకో, పొద్దున సున్నం ఎక్కువైందంటావు. సందేళకు చెరుకు మంచిది కాదంటావు. తెల్లారితే కట్టెలు పచ్చివంటావు. ఆ సున్నం పోసేటప్పుడు ఏమనుకోని పోసినావో నీకే గుర్తుండదు. ఉగాది దాకా ఆడు. నా తమ్ముడు రాస్తాడు. ఓడింది, గెల్చింది, రెండూ. ఆ గుర్రాన్ని ఎందుకు ఆడినావో అది గూడా, గుర్రం పరిగెత్తక ముందే నీ నోటితో చెప్పాల, వాడు రాయాల. ఆ పైన సంతకం మాట."

బావ నా కుప్ప వంక చూసి, "రాయనీ. వాని పుటకే దానికి గదా!" అన్నాడు. బ్రోకరు ఉగాదికి వస్తానని చెప్పి వెళ్ళాడు.

ఇప్పుడు నాకు పక్క కిటికీ కావలసి వచ్చింది. గెలిచిన టికెట్ల సంగతి ఆయన చెప్తే తప్ప నాకు తెలియదు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు, ఎదురుగా టీ అంగడిలో ఆయన ఒక్కడే కూర్చుని ఉంటే వెళ్ళి ముందు నిలబడ్డాను.

ఆయన తల ఎత్తి చూశాడు. "ఏమప్పా, మేనేజరు యాడికన్నా పోయినాడా? నేరుగా వచ్చేసినావు!"

"ఒక పని ఉండాది."

"రెండేండ్లు నోటికి తాళమేస్తివే! బీగంచెవి దొరికినట్టుండాదే."

వెళ్ళిపోదామనుకున్నాను. కాళ్ళు రెండడుగులు వేశాయి కూడా. అక్క కయ్య కళ్ళ ముందు కనిపించి మళ్ళీ తిరిగాను. జరిగింది మొత్తం చెప్పాను, కుప్ప సంగతితో సహా. ఆయన టీ ముక్కులోకి పోయేంతగా నవ్వాడు. తరువాత కళ్ళు తుడుచుకుని, "మీ బావ టికెట్టు వచ్చినప్పుడల్లా చెక్క మీద రెండు తట్లు తడతా. ఎంత ఇచ్చినానో చెప్తా. రాసుకో" అన్నాడు. ఆగి మళ్ళీ అన్నాడు, "ఆ పొద్దు మేనేజరు ముందర నేను అన్న మాట తప్పేప్పా."

ఆ మాట అనడానికి ఆయనకు రెండేళ్ళు పట్టింది. సరే అన్నాను. టీ డబ్బులు ఎవరిది వాళ్ళమే ఇచ్చుకున్నాం.

లెక్క అలా మొదలైంది. మొదట్లో ఏమైందో దాచను. బావ గెలిచాడు. వరుసగా గెలిచాడు. చెక్క మీద తట్లు వినపడినప్పుడల్లా నేను పుస్తకం తెరిచేవాణ్ణి. ఆయన కిటికీలో తల పెట్టి, "రాసినావా? ఏదీ, సదువు" అని నా చేత చదివించుకునేవాడు. ఆయన గెలుపులు నా చేతిరాతతో నేనే రాశాను. ఒక్కటి తగ్గించలేదు. తగ్గిస్తే అది మళ్ళీ కసువే అవుతుంది. కుర్రవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు చెప్పేది ఇదే: లెక్క మన పక్షం కాదు, ఎదుటివాడి పక్షమూ కాదు. రాసేవాడికి ఎక్కువ కష్టం కలిగించే పద్దే ముందు రాయాలి.

సంక్రాంతి దాటాక గాలి మారింది. ఓడడం మొదలైంది. అంతకన్నా పెద్ద తంటా కారణాల దగ్గర వచ్చింది. ఓడిన తరువాత వచ్చి, "నేను దాన్ని వద్దనే అంటిని గదరా, ఎవుడో బలవంతం చేసినాడు" అనేవాడు. నేను పుస్తకం తెరిచి చదివేవాణ్ణి: "జాకీ మొహంలో కళ ఉండాది." ఆయన మొహం ఎర్రబడేది. "నేను అట్ల చెప్పలేదు!" "చెప్పినావు బావా. చెప్పింది చెప్పినట్టే రాసినా." తిట్టేవాడు. తిట్లకు పుస్తకంలో గడి లేదు కాబట్టి వాటిని నేను విడిగా మనసులో రాసుకున్నాను. అవీ ఉన్నాయి.

ఉగాది దగ్గర పడుతుండగా ఒక పందెం రోజు. మేడ మీద కాలు పెట్టే చోటు లేదు. బావ డబ్బు చేత్తో పట్టుకుని నా కిటికీ దగ్గరికి వచ్చి గుర్రం నంబరు చెప్పాడు.

"ఎందుకు?" అన్నాను, కలం పట్టుకుని.

వెనక వరుస వంక చూశాడు.

"ఎందుకు బావా?"

"కొట్టరా టికెట్టు. టైమైపోతాండాది."

"కారణం రాయాల గదా."

వెనక వరుసలో ఎవరో అరిచారు. "ఓ అన్నా, ఆడ పెండ్లి సంబంధం మాట్లాడ్తాండావా? జరుగు!" ఇంకొకడు, "పిల్ల నచ్చలేదేమోలేరా, కట్నం అడగతాండాడు!" అన్నాడు. అందరూ నవ్వారు. బావ చెవులదాకా చెమట పట్టింది.

"ఊరికే" అన్నాడు చివరికి.

"ఊరికే అని రాయనా?"

నా కలం వంక చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు, "మీ అక్క సదువుతాది గదా?"

"సదువుతాది."

డబ్బు జేబులో పెట్టుకుని వరుస నుంచి పక్కకు జరిగాడు. నాకు గుండె నిండింది. ఆ నిండుదనం పందెం ముగిసేదాకే నిలిచింది. ఆ గుర్రం గెలిచింది.

బావ జనాన్ని తోసుకుని వచ్చి నా కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "సూసినావా! సూసినావా! నీ రాత వల్ల పోయింది గదరా పాపిష్టోడా! ఇంగ నీ లెక్కా లేదు, గిక్కా లేదు. రేపే బ్రోకర్ని పిలిపిస్తా!"

మేడంతా వింటోంది. ఇన్ని నెలల పని నీళ్ళపాలైందనుకున్నాను. అప్పుడు చెక్క అవతల నుంచి గుమస్తా తల బయటికి పెట్టాడు.

"సరే గాని అన్నా, ఆ గుర్రమే వస్తాదని మీకెట్ల తెలిసె?"

బావ ఊపిరి పీల్చుకోకుండా చెప్పాడు. "ఎట్లేందప్పా! నిన్న బెంగుళూరులో వాన. తడి నేలంటే దానికి ప్రాణం. దాని తల్లి గూడా వానలోనే గెలిచేది. పైగా బరువు తక్కువ. ఇది నాకు పొద్దున్నే తెలుసు!"

"ఇందాక ఊరికే అంటిరే" అన్నాడు గుమస్తా, మర్యాదగానే.

బావ ఊచల మీది చేతులు తీసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ మాట నేను అనవలసింది. నా పుస్తకం, నా బావ, నా అక్క కయ్య. మాట మాత్రం పక్క కిటికీవాడికి తట్టింది. ఇది నాకు ఇంకా మింగుడుపడలేదు.

ఉగాది తరువాత బ్రోకరు కాగితాలతో వచ్చాడు. చిన్నాయన వచ్చాడు. నేను పుస్తకంతో వెళ్ళాను. గెలిచింది, ఓడింది, మిగిలింది, అంతా కూడి, నాలుగుసార్లు సరిచూసి, చివరి పేజీలో ఎర్ర సిరాతో రాసిపెట్టాను. చదవడానికి గొంతు సవరించుకున్నాను.

అక్క నా చేతిలో పుస్తకం తీసుకుని బావకు ఇచ్చింది. "నువ్వే సదువు. మొత్తాలు కాదు. ఎందుకు ఆడినావో అది సదువు."

బావ దర్జాగానే మొదలుపెట్టాడు. "'దీని తండ్రి పోయినేడు కప్పు గెలిచినాడు.' సూడు చిన్నాయనా, ఇది తెలివంటే!" చిన్నాయన తల ఊపాడు. "'జాకీ మొహంలో కళ ఉండాది.'" చిన్నాయన నవ్వాడు. "'బస్సు డ్రైవరు చెప్పినాడు.' 'పేరు మంచిగా ఉండాది.' 'పోయినసారి కొంచెంలో తప్పిపోయింది, ఈసారి వస్తాది.' 'పోయింది తెచ్చుకోవాల.'"

పేజీ తిప్పాడు.

"'పోయింది తెచ్చుకోవాల.' 'పోయింది తెచ్చుకోవాల.'"

ఆ తరువాత బయటికి చదవలేదు. వేలితో వరుసలు తడుముతూ పేజీలు తిప్పాడు. అక్క ఆయన వంక చూడకుండా స్తంభానికి ఆనుకుని నిలబడింది. బ్రోకరు ఓపిక పట్టలేక, "ఏమంటావప్పా, బెంగుళూరోళ్ళు ఎదురుసూస్తాండారు" అన్నాడు.

బావ పుస్తకం మూశాడు.

"ఆ కయ్య అమ్మేది లేదు. మళ్ళీ చెరుకు నాటాల దాంట్లో."

బ్రోకరు కాగితాలు సర్దుకున్నాడు. చిన్నాయన చెరుకు విత్తనం ఎక్కడ మంచిదో మాట్లాడడం మొదలుపెట్టాడు. అక్క లోపలికి పోయి పొయ్యి మీద పాలు పెట్టింది. నేను లేచి నిలబడి, "మొత్తం చెప్తా వినండి" అన్నాను.

"కూసోరా సామీ, కాఫీ తాగు" అన్నాడు బావ.

కూర్చున్నాను. కాఫీ తాగాను. గుర్రాలు మా మేడ మీద ఆ తరువాత చాలా ఏళ్ళు పరిగెత్తాయి. మా బావ మెట్లు ఎక్కలేదు. ఆ కయ్యలో ఇప్పటికీ చెరుకు ఉంది, అక్క పేరు మీదే ఉంది. ఎర్ర సిరాతో రాసిన ఆ మొత్తం కూడా నా దగ్గర ఉంది, పైసాతో సహా. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఒక్కరు కూడా అది ఎంత అని అడగలేదు. అడిగేదాకా నేనూ చెప్పను.